సిక్సరుల పద్దు

2024వ సంవత్సరపు వేసవిలో అచ్యుతాపురము కూడలియందు, ఆర్థికమండలి కర్మాగారముల నుండి షిఫ్టు దిగివచ్చు బస్సులు నిలుచు చోట, టీ దుకాణముల ముంగిట ప్రొద్దుపోవు వరకును సాగుచుండిన చర్చలలో, ఆనాటి ఆట నెవరు గెలిచిరను ప్రశ్నకంటె ఎన్ని సిక్సరులు పడినవను ప్రశ్నకే మర్యాద అధికముగా నుండెను. సన్‌రైజర్స్ హైదరాబాదు జట్టు మార్చి 27వ తేదీన ముంబయిపై 277 పరుగులును, ఏప్రిల్ 15వ తేదీన బెంగుళూరుపై 287 పరుగులును చేసినప్పటి నుండియు, ఆ రెండవ ఆటలో నొక్క ఇన్నింగ్సునందే 22 సిక్సరులు కొట్టి ఐపీఎల్ పోటీల పాత లెక్క లన్నిటిని తుడిచివేసినప్పటి నుండియు, జట్టు మొత్తముమీద నెన్ని, అభిషేక్ శర్మవి యెన్ని, హెడ్‌వి యెన్ని, క్లాసెన్‌వి యెన్ని యని పద్దు పెట్టుకొను వ్యసన మీ ప్రాంతపు యువకులను గట్టిగా పట్టుకొనెను. సీజను ముగియునప్పటికి ఆ పద్దు 178కి చేరినది. అంతకుముందు ఏ జట్టును ఒక్క సీజనులో నన్ని కొట్టియుండలేదు. అందు అభిషేక్ శర్మ వంతు 42, నితీశ్ కుమార్ రెడ్డి వంతు 21. అయినను ఇచ్చట ఆ నలుబదిరెంటికంటె ఈ యిరువదియొకటికే విలువ హెచ్చు. ఏలయన నితీశ్ గాజువాక పిల్లవాడు, గాజువాక దాటినచో ఉక్కునగరము, ఉక్కునగరము దాటినచో పరవాడ, పరవాడ దాటినచో అచ్యుతాపురము. “మనోడు ఇరవయ్యొకటి కొట్టీసేడ్రా!” యని యొకడన్నప్పుడు, ఆ ‘మనోడు’ అను మాటలో బంధుత్వ మెంత దూరమునుండి వచ్చినదో విచారించువాడు ఆ కూడలిలో లేడు.

ఈ పద్దు చూచిన వారికిది క్రికెట్టుతోపాటు పుట్టిన ఆచారమేమో యని తోచును. కాని మన దేశమున క్రికెట్టు వయస్సుతో పోల్చినచో సిక్సరులను సంఖ్యగా లెక్కించు అలవాటు మొన్నమొన్నటిది. మన తాతల తరమువారు సిక్సరులను లెక్కపెట్టలేదు. అవి పడిన తావులను జ్ఞాపకముంచుకొనిరి. ఏ కప్పుమీద పడెను, ఏ చెట్టు దాటెను, ఏ యేటిలో మునిగెను అనునదే వారికి ముఖ్యము. తావు నుండి సంఖ్యకు అభిమానుల జ్ఞాపకము మరలిన క్రమమే యిచ్చట చెప్పదలచినది.

మొదట ఆరు పరుగుల సంగతి. ఇంగ్లండునందు 1910 వరకును బంతి నేల తాకక సరిహద్దు దాటినంత మాత్రమున ఆరు పరుగు లిచ్చెడివారు కారు. అది మైదానమునే విడిచి వెలుపలికి పోయినగాని ఆ గౌరవము దక్కెడిది కాదు. ఆ సంవత్సరమున నిబంధన మారి, సరిహద్దు మీదుగా నెగిరిపోయిన ప్రతి దెబ్బకును ఆరు పరుగులు సంక్రమించెను. అనగా సిక్సరనునది మొదట నుండియు తావునకు సంబంధించిన విషయమేగాని సంఖ్యకు సంబంధించినది కాదు. బంతి యెక్కడికి పోయినదో తెలిసిననేగాని దానివిలువ తేలెడిది కాదు. నిబంధన మారినను ఆ పాత బుద్ధి ప్రేక్షకులను చాలకాలము విడువలేదు.

ఆ బుద్ధికి మన తెలుగువారిలో పరమోదాహరణము కొఠారి కనకయ్యనాయుడు. నాగపురమున స్థిరపడిన తెలుగు కుటుంబములో 1895 అక్టోబరు 31వ తేదీన జన్మించిన యీ దీర్ఘకాయుడు 1916లో బొంబాయి చతుర్జట్ల పోటీలలో హిందువుల పక్షమున ఐరోపావారిపై తొలిసారిగా బ్యాటు పట్టినప్పుడు, తన జట్టు 79 పరుగులకే ఏడు వికెట్లు పోగొట్టుకొని దీనావస్థలో నుండెను. వచ్చిన మొదటి మూడు బంతులను శిష్టుని వలె నడ్డుకొని, నాలుగవ బంతిని సిక్సరు కొట్టి తన పరుగుల ఖాతాను తెరచెను. తరువాత నలువదియేడేండ్లకు పైగా సాగిన యాతని ఆటకు అదియే నాంది. ఆ తొలి సిక్సరును మనవారు మరువలేదు. కాని ఆతడు జీవితకాలమున మొత్తము ఎన్ని సిక్సరులు కొట్టెనని ఆ కాలపువా రెవ్వరును అడిగినట్లు కనబడదు.

1926 డిసెంబరు మొదటి దినము బొంబాయి జింఖానా మైదానమున జరిగినది నేటికిని కథగా చెప్పుకొందురు. ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వమున వచ్చిన ఎమ్.సి.సి. జట్టుపై హిందువుల పక్షమున నాయుడు 116 నిమిషములలో 153 పరుగులు చేసెను. అందు పదమూడు ఫోర్లు, పదునొకండు సిక్సరులు. ఒక సిక్సరు జింఖానా భవనపు పైకప్పుమీద పడెను. అతిథులుగా వచ్చిన ఆంగ్లేయులే ముచ్చటపడి యాతనికి వెండి బ్యాటును బహూకరించిరి. ఆ దినమున మైదానము చుట్టును మేడలమీదికిని చెట్లమీదికిని నెక్కి చూచిన జనులకు పదునొకటి యను సంఖ్య ముఖ్యము కాదు. దొరల క్లబ్బు పైకప్పుమీద, లోపలికి మనవారిని రానీయని భవనము పైకప్పుమీద, మనవాని బంతి దొర్లినదన్నదే ముఖ్యము. జాతీయోద్యమ మంతకంతకు ముదురుచున్న ఆ రోజులలో ఆ చప్పుడు వినినవారు దానికి ఎన్ని యర్థములు కల్పించుకొనియుందురో ఊహింపవచ్చును.

ఆరేండ్లకు, 1932లో, భారతజట్టు తొలి టెస్టు ఆడుటకు ఇంగ్లండు వెళ్లెను. ఆ పర్యటనకు సంస్థానాధీశుడు నాయకుడుగా నుండవలెనను మర్యాద యుండినను, జూన్ 25వ తేదీన లార్డ్స్ మైదానమున జట్టును నడపినవాడు నాయుడే. ఆ వేసవి యంతయు ఆతడు ఇరువదియారు ప్రథమశ్రేణి ఆటలాడి 1,618 పరుగులు చేసి, 65 వికెట్లు తీసి, మరుసటి సంవత్సరపు విజ్డెన్ పంచాంగమున ఆ యేటి ఐదుగురు ఉత్తమ క్రీడాకారులలో నొకడుగా చోటు సంపాదించెను. ఈ పర్యటన దగ్గరనే మన కథలో మొదటి మలుపు కలదు: ఆ వేసవిలో నాయుడు కొట్టిన సిక్సరులు 32 అని యెవరో లెక్కించి వ్రాసిపెట్టిరి. తెలుగువాని సిక్సరులకు సీజను పొడుగున పెట్టబడిన పద్దులలో నాకు తెలిసిన మొదటిది యిదియే. అయినను ఆ ముప్పదిరెంటిలో జనశ్రుతి పట్టుకొన్నది ఒక్కదానినే. ఎడ్జ్‌బాస్టన్‌లో వారిక్‌షైరు జట్టుపై ఆతడు కొట్టిన బంతి రీ నదిని దాటి పడెనట. ఆ నది అప్పట్లో రెండు కౌంటీలకు ఎల్ల కనుక, ఒక కౌంటీలో కొట్టిన బంతి వేరొక కౌంటీలో పడెనని చెప్పుకొనిరి. తక్కిన ముప్పదియొకటియు కాగితములో మిగిలిపోయినవి.

అదే కాలమున సముద్రములకావల నమెరికాలో జనులు పూర్తిగా వేరొక విధముగా నాలోచించుచుండిరి. అచ్చటి బేస్‌బాల్ ఆటలో బంతిని కంచె దాటించి కొట్టుటను హోమ్‌రన్ అందురు. మన సిక్సరునకు అది పినతల్లి బిడ్డ. నాయుడు జింఖానా కప్పుమీదికి బంతి కొట్టిన మరుసటి సంవత్సరమే, 1927లో, న్యూయార్క్ యాంకీస్ జట్టు ఆటగాడు బేబ్ రూత్ ఒక్క సీజనులో 60 హోమ్‌రన్‌లు కొట్టెను. ఆతని స్వంత జట్టును మినహాయించినచో, ఆ లీగులో మరి యే జట్టును సమష్టిగా గూడ నన్ని కొట్టలేకపోయెను. అప్పటి వార్తాపత్రికలు ఆ సంఖ్యను దినదినమును వెంటాడినవి. జనులు మేలుకొని మొదట చూచునది ఆ లెక్కయే. ఆ అరువది యను సంఖ్యకు ముప్పదినాలుగేండ్లపాటు దాదాపు శాసనగౌరవము లభించెను. 1961లో రోజర్ మారిస్ 61 కొట్టినప్పుడు, రూత్ కాలమున 154గా నుండిన ఆటలు ఇప్పుడు 162 అయినవి గనుక రెంటిని వేర్వేరుగా చూపవలెనని లీగుల అధిపతి ఫోర్డ్ ఫ్రిక్ పట్టుపట్టెను. ఒక్క అంకెకొర కొక దేశము న్యాయస్థానమువలె వాదించుకొనినది. మరి మనవారు? 1998లో మార్క్ మెగ్వైర్ 70, శామీ సోసా 66 కొట్టి ఆ పద్దును తలక్రిందులు చేసిన వేసవిలో, వైటూకే యను కంప్యూటర్ల సవరణ పనులకై అమెరికా చేరిన తెలుగు కుర్రవాండ్రు కార్యాలయములలో తోటివారి నోట ఆ లెక్కలను ప్రతి ఉదయమును వినుచుండిరి. ఆ దెబ్బలలో మందుల బలము కలిసియున్నదని మెగ్వైర్ తానే యొప్పుకొన్నది తరువాతి మాట.

క్రికెట్టువా రిట్టి లెక్కను ఏల పెట్టలేదు? కారణము ఆటలోనే యున్నది. బేస్‌బాల్‌లో బ్యాటు పట్టువానికి దక్కు అవకాశములు మితము. అందు హోమ్‌రన్‌ను మించిన ఫలము లేదు. ఐదు దినముల క్రికెట్టులో కాలమునకు కొదువ లేదు, బంతులకు కొదువ లేదు. కొదువ యంతయు వికెట్లకే. బంతిని గాలిలోనికి లేపువాడు వికెట్టును జూదములో నొడ్డినట్లే పెద్దలు చూచిరి. ఆస్ట్రేలియావాడైన బ్రాడ్‌మన్ తన యేబదిరెండు టెస్టులలో 6,996 పరుగులు చేసియు, అందు సిక్సరులు ఆరే యుండుట దీనికి సాక్ష్యము. నాయుడు ఇంగ్లండులో సిక్సరులు వర్షించిన ఆ 1932 వేసవిలోనే బ్రాడ్‌మన్ న్యూయార్కునందు బేబ్ రూత్‌ను కలసికొనెను. గాలిలోనికి కొట్టి రాజైనవాడును, నేలమీద కొట్టి రాజైనవాడును ఏమి మాటాడుకొనిరో గాని, పరుగుల మొత్తము మాత్రమే పద్దుగా గల ఆటకు బ్రాడ్‌మన్, దెబ్బయే పద్దుగా గల ఆటకు రూత్ ప్రతినిధులని మనము చెప్పుకొనవచ్చును.

ఇచట మన సముద్రతీరమునకు రావలెను. 1933 డిసెంబరు 15వ తేదీన బొంబాయి జింఖానా మైదానముననే, భారతభూమిమీద తొలి టెస్టు నాయుడు నాయకత్వమున, జార్డిన్ నడపిన ఇంగ్లండు దళమునకు ఎదురుగా ప్రారంభమయ్యెను. లాలా అమర్‌నాథ్ శతకము కొట్టినది ఆ యాటలోనే. ఆ టెస్టు ముగిసిన మరునాడే, డిసెంబరు 19వ తేదీన, వైస్రాయి విల్లింగ్‌డన్ ప్రభువు విశాఖపట్టణమున క్రొత్త నౌకాశ్రయమునకు లాంఛనముగా ప్రారంభోత్సవము చేసెను. క్రికెట్టుపై మిక్కిలి మక్కువ గల ఆ ప్రభువు విశాఖకు రావలసిన దినము సరిగా ఆ దినమగుట కాకతాళీయమే. కాని రేవుతోపాటు ఓడలును, ఓడలతోపాటు రైల్వే, రేవు ఉద్యోగులును, వారితోపాటు క్లబ్బులును బ్యాట్లును ఈ తీరమున స్థిరపడుట కాకతాళీయము కాదు.

అంతకుముందే ఉత్తరాంధ్రమునకు క్రికెట్టులో నొక పెద్ద పేరుండెను. అది విజయనగర రాజకుటుంబమునకు చెందిన విజయానంద గజపతిరాజుది. లోకము విజ్జీ యని పిలిచిన ఆ దొర హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి మేటులను సొంత ఖర్చులతో హిందూదేశమునకు రప్పించి ఆడించిన వదాన్యుడు. కాని వదాన్యతతో తృప్తిపడక 1936లో జట్టు నాయకత్వము సంపాదించి ఇంగ్లండునకు పోయి, మూడు టెస్టుల ఆరు ఇన్నింగ్సులలో 33 పరుగులు చేసి, ఫామ్‌లో నుండిన అమర్‌నాథ్‌ను నడుమనే యింటికి పంపి, నాయుడువంటి పెద్దతో విరోధము తెచ్చుకొని వచ్చెను. మన ప్రాంతపు కీర్తిని చెప్పుకొనునప్పుడు ఈ యధ్యాయమును త్వరగా దాటించుట ఉత్తమము.

1953 అక్టోబరులో ఆంధ్రరాష్ట్ర మేర్పడెను. ఆ యేడే ఆంధ్ర క్రికెట్ సంఘమును ఏర్పడెను. ఆ 1953–54 సీజనులో ఆంధ్ర జట్టు రంజీ పోటీలలో తొలిసారిగా అడుగుపెట్టినప్పుడు దానిని నడుపుటకు వచ్చినవాడు ఏబదియెనిమిదేండ్ల నాయుడు. అంతవరకు హోల్కరు మహారాజు కొలువున ఇండోరులో వెలిగిన వృద్ధసింహము, పుట్టుకతో తెలుగువాడైనను తెలుగునేలపై నివసింపనివాడు, క్రొత్తగా పుట్టిన తెలుగురాష్ట్రపు జట్టునకు పెద్దదిక్కుగా నిలిచెను. దీనికి మించిన సముచిత ఘటన మన క్రీడాచరిత్రలో నాకు కనబడలేదు.

తరువాతి మూడు దశాబ్దములు రేడియోవి. 1963లో విశాఖపట్టణమున ఆకాశవాణి కేంద్ర మేర్పడిన పిమ్మట, ట్రాన్సిస్టరులు చవుకయైన పిమ్మట, అచ్యుతాపురము, రాంబిల్లి, ఎలమంచిలి ప్రాంతములలోని గ్రామములలో టెస్టు జరుగు దినములందు సోడాబండి చుట్టును, మంగలి దుకాణములోను, బడి అరుగుమీదను జనము గుమిగూడుట పరిపాటి యయ్యెను. రేడియోలోని వ్యాఖ్యానము ఆంగ్లమో హిందీయో. వినువారిలో సగమందికి రెండును సరిగా రావు. అయినను సిక్సరు పడినదని తెలిసికొనుటకు భాష యక్కరలేదు. వ్యాఖ్యాత గొంతు ఒక్కసారి పైకి లేచును. దానిపైన మైదానపు హోరు కప్పివేయును. ఆ హోరు వెంటనే యణగినచో క్యాచి పట్టబడినదని, అణగక పెరిగినచో బంతి దాటిపోయినదని చెవులే చెప్పెడివి. ప్రేక్షకులు ఏ దిక్కున ‘సిక్సర్’ అని కేక వేసిన ఆ దిక్కునకే కొట్టునని పేరుపడిన సలీం దురానీ ఆ తరమునకు ప్రాణము. 1973లో కాన్పూరు టెస్టునకు ఆతనిని తీసివేసినప్పుడు దురానీ లేనిదే టెస్టు లేదని జనము పట్టుపట్టెను. ఆతడు కొట్టిన సిక్సరుల సంఖ్య అప్పుడు ఆ కేకలు వేసిన వారిలో నొక్కనికైనను తెలిసియుండదు.

సంఖ్యకును జ్ఞాపకమునకును గల తగవునకు మరియొక చిత్రమైన నిదర్శనము 1983 జూన్ 18వ తేదీది. టన్‌బ్రిడ్జ్‌వెల్స్‌లో జింబాబ్వేపై భారతజట్టు 17 పరుగులకు ఐదు వికెట్లు పోయి కూలబడినప్పుడు కపిల్‌దేవ్ 175 పరుగులు చేసి యజేయుడుగా నిలిచెను. ఆ దినము బీబీసీవారు ఆ యాటను చిత్రింపకపోవుటచేత అది చిత్రముగా నెక్కడను మిగులలేదు. పదునారు ఫోర్లు, ఆరు సిక్సరులు అను అంకెలు మాత్రమే మిగిలినవి. చూడని దృశ్యమును జనులు అంకెలనుండి తిరిగి కట్టుకొనుట మన దేశమున బహుశః అప్పుడే ప్రారంభమైనది.

టెలివిజను వచ్చెను. 1987 ప్రపంచకప్పులో చెన్నపట్టణమున ఆస్ట్రేలియాపై నవ్‌జోత్ సిద్ధూ ఐదు సిక్సరులు కొట్టినప్పుడు ఆతని పేరుకు ముందు ‘సిక్సర్’ అను బిరుదు చేరినది. ఇంతకుముందు బంతి పడిన తావునకు వచ్చిన కీర్తి ఇప్పుడు కొట్టినవాని యింటిపేరయ్యెను. 1988 డిసెంబరు 10వ తేదీన విశాఖ ఇందిరా ప్రియదర్శిని స్టేడియమున న్యూజిలాండుతో తొలి అంతర్జాతీయ ఒకదినపు ఆట జరిగెను. శ్రీకాంత్ 70 పరుగులు చేసి, అది చాలదన్నట్లు ఐదు వికెట్లు తీసెను. 1994 నవంబరులో వెస్టిండీస్‌పై సిద్ధూ అక్కడనే 114 పరుగులతో అజేయుడుగా నిలిచెను. అంతకు రెండేండ్లకు ముందే ఉక్కు కర్మాగారము జాతి కంకిత మైనది. దేశపు నలుమూలల నుండి వచ్చిన ఉద్యోగుల పిల్లలతో ఉక్కునగరపు క్వార్టర్ల నడుమ వీథులన్నియు మైదానములైనవి. ఆ మైదానముల ధర్మశాస్త్రము స్టేడియము ధర్మశాస్త్రమునకు సరిగా వ్యతిరేకము. బంతి ఎవరి కాంపౌండులోనైన పడినచో అది సిక్సరు కాదు, ఔటు! పైగా గోడ దూకి కుక్కను దాటి బంతిని తెచ్చుకొనవలసినవాడు కొట్టినవాడే. “నువ్వే కొట్టేవు, నువ్వే తే” అనునది ఆ స్మృతిలోని ప్రథమ సూత్రము. గాలిలోనికి కొట్టుట పాపమని బ్రాడ్‌మన్ కాలపు పెద్దలు నమ్మినదానినే, అద్దాల కిటికీల భయముచేత, ఈ పిల్లలు శాసనము చేసికొనిరి.

పల్లెలలో నట్టి నిర్బంధము లేదు. సంక్రాంతికి కోత లయిపోయిన మళ్లలో, పూడిమడక వంటి తీరగ్రామములలో ఇసుకమీద, టెన్నిసు బంతితో జరుగు పందెములలో సిక్సరునకు అడ్డు లేదు. అచ్చట లెక్క వ్రాయువాని యాసనము చూడదగినది. అరుగుమీదనో, ట్రాక్టరు తొట్టిమీదనో కూర్చున్న యొక కుర్రవాడు, ఒడిలో పొడుగు నోటుపుస్తకము, చెవిమీద పెన్ను. ప్రతి బంతికిని చుక్కయో అంకెయో వేయుచు, సిక్సరు పడినప్పుడు మాత్రము ఆరు అంకె చుట్టును గుండ్రముగా సున్న చుట్టును. ఓవరు ముగిసినంతనే ప్రక్కనున్న మైకువాడు ఆ సున్నలను లెక్కించి ‘ఈ బ్యాట్స్‌మన్‌కి ఇది నాలుగో సిక్సరు’ అని చాటును. వెంటనే జనములో నెవడో లేచి నూరురూపాయల నోటు చదివింపులోనికి వేయును. నాటకములో పద్యమునకు ‘వన్స్‌మోర్’ కొట్టి చదివించిన వారి మనుమలే వీరు.

2005 ఏప్రిల్ 5వ తేదీన మధురవాడలోని క్రొత్త స్టేడియమున తొలి అంతర్జాతీయ ఆట పాకిస్తానుతో జరిగెను. అచ్యుతాపురము నగరమునకు నైరృతిని, మధురవాడ ఈశాన్యమున నుండుటచేత, ఇచటి వారికి ఆట చూచుట యనగా గాజువాక మొదలు నగరమంతయు నడ్డముగా దాటిపోవుట. పోయినవారి శ్రమ వ్యర్థము కాలేదు. అంతకుముందు చెప్పుకొనదగిన దేమియు చేయని ధోనీ అను పొడుగుజుట్టు కుర్రవాడు మూడవ స్థానమున వచ్చి 123 బంతులలో 148 పరుగులు చేసెను, సిక్సరులు నాలుగు. నాటికిని నేటికిని విశాఖవాసులలో ఆ యాటను చూచితినని చెప్పువారి సంఖ్య ఆ స్టేడియములోని ఆసనముల సంఖ్యను మించి యుండును. 2019 అక్టోబరులో అదే నేలమీద దక్షిణాఫ్రికాతో జరిగిన టెస్టున తొలిసారిగా ఓపెనరుగా వచ్చిన రోహిత్ శర్మ 176, 127 పరుగులు చేయుచు మొదటి దఫా ఆరు, రెండవ దఫా ఏడు, మొత్తము 13 సిక్సరులు కొట్టెను. ఒక టెస్టులో ఒక్కడు కొట్టిన సిక్సరులలో అది ప్రపంచములోనే యెక్కువ, అంతకుముందు వసీం అక్రమ్ పేర నుండినది 12. రెండు జట్లును కలిపి ఆ టెస్టులో 37 సిక్సరులు పడినవి. అదియు అప్పటికి రికార్డే. మరి ఆ ముప్పదియేడును ఎచ్చట పడినవి? అడిగి చూడుడు, ఒక్కరును చెప్పలేరు. జింఖానా పైకప్పు, రీ నది వంటి ఆనవాలు వానిలో నొక్కదానికిని లేదు. తావు సంఖ్యకు పూర్తిగా లొంగిపోయిన దిచ్చటనే యని నా యభిప్రాయము.

దీనికి మూలము ఇరువది ఓవరుల ఆట. 2003లో ఇంగ్లండునందు కౌంటీ జట్లు దానిని ప్రారంభించినవి. 2008 ఏప్రిల్ 18వ తేదీన ఐపీఎల్ మొదటి ఆటలోనే మెకల్లమ్ 158 పరుగులు, 13 సిక్సరులు కొట్టి దాని జాతకమును వ్రాసెను. నూటయిరువది బంతులే యున్నచోట కొదువ వికెట్లకు కాదు, బంతులకు. కావున క్రికెట్టు తనకు తెలియకయే బేస్‌బాల్ స్థితికి చేరినది, దెబ్బయే పద్దైనది. వ్యాపారులును ఈ మర్మమును త్వరగానే గ్రహించిరి. మొదటి సంవత్సరములలో నొక భవననిర్మాణ సంస్థ తన పేరును సిక్సరునకు తగిలించి వ్యాఖ్యాతలచేత ప్రతి దెబ్బకును ఉచ్చరింపజేసెను. సిక్సరులు లెక్కించినచో గాని బిల్లు తెగదు గదా! 2012లో క్రిస్ గేల్ ఒక్క సీజనులో 59 కొట్టినప్పుడు, ఆ సంఖ్య రూత్ అరువదికి ఒక్కటి తక్కువయని గమనించి ముచ్చటపడినవారు మనవారిలో ఎందరో నాకు తెలియదు గాని, నే నొకడను.

ఇట్లనుటచే పద్దును నేను నిందించుచున్నానని తలంపవలదు. తావు నెరుగుటకు ఆ తావున నుండవలెను. జింఖానా మేడలమీది కెక్కిన అదృష్టవంతులకే ఆ కప్పుమీది చప్పుడు దక్కినది. సంఖ్యకు టిక్కెట్టు లేదు. రాత్రి షిఫ్టులో మిషనుముందు నిలిచిన అమ్మాయి, భోజన విరామమున ఫోను చూచి ‘నూటడెబ్బయ్యెనిమిది’ అన్నప్పుడు, ఆ సీజనులో ఒక్క ఆటయైన చూడకున్నను దానిలో నామెకును వాటా యున్నది. మరియు సంఖ్య అప్పుడప్పుడు పాతవారిని తట్టి లేపును. 2024 ఫిబ్రవరిలో కడప మైదానమున, నాయుడు పేరనే నడచు ఇరువదిమూడేండ్ల లోపువారి పోటీలో, ఆంధ్ర జట్టు వికెట్‌కీపరు వంశీకృష్ణ రైల్వేస్ బౌలరు ఒక ఓవరులో వేసిన ఆరు బంతులను ఆరు సిక్సరులుగా కొట్టెను. నాలుగవ బంతివరకు వేచియుండిన నాయుడు ఈ తొందరను చూచి కనుబొమ లెత్తియుండును.

అభిమానుల పద్దు ఎల్లప్పుడు స్వపక్షమునకే పరిమితము కాదనియు విశాఖయే చూపినది. 2023 మార్చి 19వ తేదీన భారతజట్టు 117 పరుగులకే కుప్పకూలి, మిచెల్ మార్ష్ ఆరు సిక్సరులతో ఆటను పదునొకండు ఓవరులలో ముగించినప్పుడు, సూర్యాస్తమయమునకు ముందే యింటికి మరలిన జనము ఆ ఆరింటినే తలచుకొనుచు పోయిరి. 2024 మార్చి 31న చెన్నై జట్టు అదే మైదానమున ఢిల్లీ చేతిలో నోడినను, నలువదిరెండేండ్ల ధోనీ 16 బంతులలో 37 పరుగులు, అందు మూడు సిక్సరులు కొట్టినందుకు స్టేడియమంతయు పండుగ చేసికొనెను. మూడు దినములకు కోల్‌కతా జట్టు ఢిల్లీపై 272 పరుగులు చేయుచు 18 సిక్సరులు కొట్టినది. నరైన్‌వి అందు ఏడు.

ఇన్ని పద్దులలో నెక్కని సిక్సరొకటి కలదు. 2023 నవంబరు 23వ తేదీన అదే స్టేడియమున ఆస్ట్రేలియాతో ఇరువది ఓవరుల ఆట. గెలుపునకు 209 కావలెను. చివరి ఓవరులో వరుసగా మూడు బంతులకు మూడు వికెట్లు పోయి, ఒక్క బంతికి ఒక్క పరుగు మిగిలెను. ఎబట్ వేసిన ఆ బంతిని రింకూ సింగ్ లాంగాన్ మీదుగా ప్రేక్షకులలోనికి కొట్టెను. కాని ఎబట్ పాదము గీత దాటినది. అంపైరు దానిని నోబాల్ అని ప్రకటించెను. నోబాల్‌కు వచ్చు ఒక్క పరుగుతోనే ఆట గెలిచినట్లు కనుక, దాని తరువాత జరిగిన దేదియు ఆటలో జరిగినట్లు కాదు. రింకూ స్కోరు 22గానే నిలిచెను, జట్టు స్కోరు 209గానే నిలిచెను, ఆ సీజను సిక్సరుల పట్టికలో నెచ్చటను అది లేదు. ఆ రాత్రి ఆఖరు బస్సులో అచ్యుతాపురము వైపు మరలిన కుర్రవాండ్రు గాజువాక దాటువరకును వాదించుకొన్నది, అది ఏ స్టాండులో పడెనని.